'చేస్తాం' అన్నారు సరే, నంబరు ఇచ్చారా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది పాలమూరు వైపు ఒక పట్టణం. ఊరి పేరు మాత్రం వేయకండి. శివారు కాలనీలో ఆరేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నాం. ఇంటి పన్ను ఏ ఏడాదిదీ ఆపలేదు. మా గల్లీలో మోరీ సగం దాకా కట్టి వదిలేశారు. పై ఇళ్ల నీళ్లన్నీ వచ్చి మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో నిలుస్తున్నాయి. దోమలు, వాసన. పోయిన వానాకాలం మా అత్తమ్మకు డెంగీ వచ్చి వారం రోజులు దవాఖానలో ఉంది. గల్లీలో మూడు లైట్లు వెలగవు. నల్లా నీళ్లు ఒక్కోరోజు మురుగు వాసన వస్తాయి. ఏడాదిగా చెప్పని మనిషి లేడు. వార్డు లీడర్ 'చేస్తాం వదినా' అంటాడు. మున్సిపాలిటీ పారిశుద్ధ్యం జవాన్ 'సార్‌కు చెప్పిన' అంటాడు. యాప్‌లో ఫోటో పెడితే నాలుగో రోజున 'సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఎవరూ రాలేదు, ఏమీ చేయలేదు. ఆ మెసేజ్ చూసి ఏడుపొచ్చింది. మా ఆయన 'వదిలెయ్, మన ఒక్కరికేనా' అంటాడు. నాకు రోజూ ఇదే టెన్షన్. అసలు ఎవరిని అడగాలి? ఎట్లా వెంటపడాలి?

– ఒక గృహిణి

జవాబు:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడాదిగా ఎవరెవరికి చెప్పారో అంతా రాశారు. కానీ ఒక్క కాగితం ఇచ్చినట్టు గానీ, ఒక్క ఇన్‌వార్డ్ నంబరు (ఆఫీసు రిజిస్టర్‌లో అర్జీ ఎక్కిన నంబరు) తీసుకున్నట్టు గానీ ఎక్కడా లేదు. మీ పని ఆగింది అక్కడే. నోటితో చెప్పింది ఆ మనిషి గుర్తుపెట్టుకున్నంత కాలమే ఉంటుంది. అతను బదిలీ అయితే అతనితోపాటే పోతుంది.

నేను ఒక మున్సిపల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఇన్‌వార్డ్ సెక్షన్‌లోనే కూర్చున్నాను. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా జనం ఆ కిటికీ దగ్గరికే వచ్చేవాళ్లు. కొందరు కోపంగా, కొందరు దండం పెడుతూ. ఎవరి పని అవుతుందో ఎవరిది కాదో వాళ్ల చేతిలో ఉన్న కాగితం చూస్తే కొంతవరకు తెలిసిపోయేది. అందుకే మీకు ఆ కాగితం సంగతే ఎక్కువ చెబుతాను.

ముందు ఒక తేడా గమనించండి. మీరు రాసినవన్నీ మీకు ఒకే బాధలా కనిపిస్తున్నాయి. ఆఫీసులో మాత్రం అవి వేర్వేరు బల్లల మీదికి వెళ్తాయి. అందులోనూ కొన్ని రిపేర్లు, ఒకటి కొత్త పని. లైటు వెలగకపోవడం రిపేరు. పైపు లీకేజీ రిపేరు. మోరీలో పూడిక తీయడం రోజువారీ పారిశుద్ధ్యం పని. సగంలో ఆగిన మోరీని ముందుకు కట్టడం మాత్రం కొత్త పని. రిపేరుకు మనిషి, సామాను ఉంటే చాలు. కొత్త పనికి ఎస్టిమేట్ వేయాలి, డబ్బు మంజూరు కావాలి, టెండర్ పిలవాలి, కాంట్రాక్టరుతో అగ్రిమెంట్ కావాలి. రిపేరు అడిగినట్టే కొత్త పని అడిగితే ఎన్ని నెలలైనా జవాబు రాదు.

మీకు వచ్చిన ఆ మెసేజ్ వెనక జరిగింది కూడా ఇదే అయి ఉంటుంది. యాప్‌లో 'మోరీ' అని నొక్కగానే ఫిర్యాదు పారిశుద్ధ్య విభాగానికి పోతుంది. వాళ్లు చేయగలిగింది పూడిక తీయడం, బ్లీచింగ్ చల్లడం. మోరీ కట్టేది ఇంజినీరింగ్ విభాగం. 'ఇది మా పని కాదు, ఇంజినీరింగ్‌కు పంపుతున్నాం' అని రాయాల్సిన చోట 'పరిష్కరించబడింది' అని నొక్కి మూసేస్తారు. చేయని పనిని చేసినట్టు రాయడం తప్పే, నేను దాన్ని సమర్థించను. మీకు ఏడుపు రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ మెసేజ్‌ను తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు, మూసిన తేదీ అందులో కనబడాలి. అదే చోట నిలబడి, అదే వైపు నుంచి ఇవాళ ఇంకో ఫోటో తీయండి. రెండూ పక్కపక్కన జిరాక్స్ తీసి అర్జీకి జతచేస్తే, మీరు ఒక్క మాట ఎక్కువ రాయనక్కర్లేదు.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. తొందరగా అయ్యేది లైట్లు కాబట్టి వాటితో మొదలుపెట్టండి. స్తంభం కరెంటు వాళ్లది, దాని మీద వెలిగే దీపం మున్సిపాలిటీది. తీగ వేలాడుతున్నా, స్తంభం ఒరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నా 1912కు ఫోన్ చేయాలి. అది మన దక్షిణ జిల్లాల విద్యుత్ పంపిణీ సంస్థ నంబరు. ఫోన్ చేయగానే ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. దీపం మాత్రమే వెలగకపోతే మున్సిపాలిటీని అడగాలి. అడిగేటప్పుడు 'మా గల్లీలో లైట్లు లేవు' అంటే సరిపోదు. స్తంభం మీద పెయింట్‌తో నంబరు ఉంటే అది చెప్పండి. లేకపోతే 'ఫలానా ఇంటి నంబరు ఎదురుగా ఉన్న స్తంభం' అని చెప్పండి. నిచ్చెన వేసుకుని వచ్చే మనిషి చీకట్లో వెతుక్కోకుండా నేరుగా ఆ స్తంభం దగ్గరికే రావాలి.

నల్లా నీళ్ల సంగతి వేరు. దానికి కాగితం రాసేదాకా ఆగొద్దు. నీళ్లు మురుగు వాసన వస్తున్నాయంటే తాగునీటి పైపు మోరీ పక్క నుంచో, మోరీలో నుంచో పోతూ ఎక్కడో పగిలి ఉండొచ్చు. నీళ్లు వదలని గంటల్లో పైపు ఖాళీ అవుతుంది కదా, అప్పుడు బయటి మురుగును లోపలికి లాగుతుంది. అందుకే నీళ్లు వచ్చిన మొదటి పది నిమిషాలు వాసన ఎక్కువ ఉంటుంది. మీ ఇంటికే వాసన వస్తోందా, గల్లీ అంతటికా అని ముందు రెండు ఇళ్లలో అడగండి. మీ ఒక్క ఇంటికే అయితే లోపం మీ కనెక్షన్ పైపులో ఉంది. గల్లీ అంతటికీ అయితే మెయిన్ లైనులో ఉంది. వాసన వచ్చిన రోజే ఒక శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, తేదీ, టైము రాసి, ఫిట్టర్‌కు, నీటి సరఫరా చూసే ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కు) ఇద్దరికీ ఫోన్ చేయండి. నీటి పరీక్ష చేయించమని అడగండి. ఆ నీళ్లు కాచి చల్లార్చి తాగండి, అత్తమ్మకు మరీ ముఖ్యంగా.

ఈ విషయంలో నాకు కొంచెం ఆవేశం ఎక్కువ. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చిన్నప్పటి నుంచి చూశాను. మంచినీళ్లు వచ్చే పైపు ఎంత కష్టపడితే వచ్చిందో ఆ ఊళ్ల వాళ్లకు తెలుసు. నల్లా నీళ్లు బాగా లేవని జనం మళ్లీ బోరు నీళ్ల వైపు పోతే, అక్కడ నష్టం పోయేది కాదు. అందుకే నీళ్ల ఫిర్యాదును ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే నేను ఊరుకోలేను.

డెంగీ గురించి ఒక మాట, మీరు బాధపడకుండా వినాలి. డెంగీ దోమ మురికి మోరీలో పెరిగేది కాదు. అది ఎక్కువగా మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. మూత లేని డ్రమ్ము, కూలర్, పూలకుండీ కింది పళ్లెం, మిద్దె మీద పడేసిన టైరు దానికి చాలు. పగటిపూట కుడుతుంది. మోరీ నీళ్లలో పెరిగే దోమ వేరు, రాత్రి కుట్టేది అదే. అర్జీలో 'మోరీ వల్ల డెంగీ వచ్చింది' అని రాస్తే, తెలిసిన అధికారి ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మొత్తం అర్జీని పక్కన పెట్టే అవకాశం ఉంది. 'మురుగు నిలిచి దోమలు విపరీతంగా ఉన్నాయి, మా గల్లీలో డెంగీ కేసు నమోదైంది, మందు చల్లించండి' అని రాయండి. అది నిజం, ఎవరూ కాదనలేరు. ఖాళీ ప్లాటులో నిలిచిన నీళ్లకు మందు చల్లించమని, ఆ ప్లాటు యజమానికి నోటీసు ఇవ్వమని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను విడిగా అడగండి. మోరీ కట్టేదాకా ఆగాల్సిన పని కాదు ఇది. ఇంట్లో వారానికి ఒకరోజు డ్రమ్ములు, కూలర్లు ఒంచేసి ఆరబెట్టండి.

ఇప్పుడు కాగితం. ఒక్క విషయానికి ఒక్క అర్జీ. ఇది నేను కిటికీ లోపలి నుంచి నేర్చుకున్నది. జనం ఒకే తెల్లకాగితం మీద లైట్లు, నీళ్లు, మోరీ, కుక్కలు, పక్కింటివాళ్ల మెట్లు అన్నీ రాసుకొస్తారు. కమిషనర్ దాని మీద ఏ సెక్షన్ పేరు రాయాలి? మొదటి విషయం చూసి ఒకరికి పంపుతారు, వాళ్లు తమది చూసుకుని మిగతావి వదిలేస్తారు. మీరు లైట్లకు, నీళ్లకు, మోరీకి విడివిడిగా మూడు కాగితాలు రాయండి. లైట్లది ఇలా ఉంటే చాలు:

'కమిషనర్ గారికి. విషయం: ఫలానా కాలనీ, ఫలానా గల్లీలో మూడు వీధి దీపాలు వెలగకపోవడం గురించి. అయ్యా, మా గల్లీలో ఇంటి నంబర్లు ఫలానా, ఫలానా, ఫలానా ఎదురుగా ఉన్న మూడు స్తంభాల దీపాలు ఫలానా తేదీ నుంచి వెలగడం లేదు. యాప్‌లో ఫలానా తేదీన ఫిర్యాదు చేశాను, నంబరు ఇది. దీపాలు బాగు చేయించి, ఏ తేదీన చేశారో నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. నా ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు ఇది.' కింద సంతకం, చిరునామా, ఫోన్ నంబరు, తేదీ.

అంతే. 'పేదలం, మీరే దిక్కు' అని రాయకండి. మీరు పన్ను కట్టే మనిషి, అడగడం మీ హక్కు. తిట్లు కూడా వద్దు. ఎంత పొట్టిగా ఉంటే అంత తొందరగా చదువుతారు. చివర 'రాతపూర్వకంగా తెలియజేయగలరు' అన్న మాట మరిచిపోవద్దు. అది ఉంటే సెక్షన్ క్లర్క్ ఏదో ఒక జవాబు తయారు చేయాలి, ఊరికే ఫైలు కట్టేయలేడు.

ప్రతి అర్జీకి రెండు కాపీలు తీసుకుపోండి. ఒకటి వాళ్లకు. రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. 'ఇక్కడ పెట్టి పొండి, చూస్తాం' అంటే నవ్వుతూనే 'నంబరు వేయండి సార్, తీసుకుని పోతా' అని నిలబడండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే గొడవ పడొద్దు. పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్ట్‌లో పంపండి. ఆ రసీదే మీ ఇన్‌వార్డ్, కవరు చేరిన తేదీ కూడా ఆన్‌లైన్‌లో కనబడుతుంది.

ఆ కాగితం లోపలికి వెళ్లాక ఏమవుతుందో చెబుతాను. ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. సాయంత్రం తపాలు ప్యాడ్‌లో కమిషనర్ ముందుకు పోతుంది. ఆయన సంతకం పెట్టి, ఏ సెక్షన్‌కో రాస్తారు. మర్నాడు ఆ సెక్షన్ క్లర్క్ సంతకం చేసి తీసుకుంటాడు. అక్కడి నుంచి ఏఈకో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో పోతుంది. ఆగేది ఎక్కువగా ఈ చివరి రెండు మెట్ల దగ్గరే. కాబట్టి మీరు వారం తర్వాత పోయినప్పుడు 'ఎప్పుడు చేస్తారు' అని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ 'తొందర్లోనే'. 'నా అర్జీ ఇన్‌వార్డ్ నంబరు ఫలానా, ఇప్పుడు ఏ సెక్షన్‌లో ఉంది, ఎవరి దగ్గర ఉంది' అని అడగండి. రిజిస్టర్ తిప్పితే దానికి జవాబు దొరుకుతుంది. పేరు తెలిసిన తర్వాత ఆ మనిషి దగ్గరికి పోండి.

ఒక పాత నోటుబుక్కు తీసి దీనికే పెట్టుకోండి. ఏ రోజు ఎవరిని కలిశారు, ఏమన్నారు, ఎప్పటికి అన్నారు. రెండు లైన్లు చాలు. ఫోన్‌లో ఏఈ 'బుధవారం పంపిస్తా' అంటే, వెంటనే 'సార్, బుధవారం మనిషిని పంపిస్తానన్నారు, ధన్యవాదాలు' అని వాట్సాప్ పెట్టండి. మాట రాతలోకి వస్తుంది. జవాన్ మీద, చెత్త బండి వాళ్ల మీద కోపం చూపించకండి. వాళ్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్లు, మోరీ కట్టే అధికారం వాళ్లకు లేదు. పైగా ఆ పైపు ఎక్కడ పగిలిందో, ఆ మోరీ ఎందుకు ఆగిందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

మీ అసలు కష్టం, ఆ సగం మోరీ, దగ్గరికి వద్దాం. అది ఎందుకు ఆగిందో ముందు తెలుసుకోండి. నేను చూసినంతలో కారణాలు ఇవి: మంజూరైన డబ్బు అంతవరకే సరిపోయి ఉంటుంది. లేదా ముందుకు పోతే నీళ్లు ఎక్కడ కలపాలో తేలక ఆపి ఉంటారు. లేదా మధ్యలో ఎవరిదో ప్లాటు అడ్డం వచ్చి ఉంటుంది. లేదా కాంట్రాక్టరు బిల్లు రాక వదిలేసి ఉంటాడు. నాలుగింటికీ మందు వేర్వేరు. డబ్బు అయిపోతే కొత్త ఎస్టిమేట్ అడగాలి. నీళ్లు పోయే దారి లేకపోతే పెద్ద మోరీ దాకా లెవెల్స్ తీయమని అడగాలి. పాలమూరు నేల ఎగుడుదిగుడు కదా, లెవెల్ చూడకుండా కట్టిన మోరీలో నీళ్లు వెనక్కి వస్తాయి. అలాంటిది కట్టించుకుంటే ఇప్పటికంటే కష్టం. ప్లాటు అడ్డమైతే టౌన్ ప్లానింగ్ వాళ్లు లేఅవుట్ నక్ష తీయాలి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, ఖాళీ స్థలాలు మున్సిపాలిటీకే దఖలు పడి ఉంటాయి. రోడ్డు మీద ఎవరైనా జరిగి కడితే అక్కడ తేలుతుంది. కాంట్రాక్టరు వదిలేస్తే అగ్రిమెంట్ ప్రకారం చర్య అడగాలి. 'మీది అనుమతి లేని లేఅవుట్' అని వాళ్లంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి. మీ ప్లాటు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కాగితాలుంటే జతచేయండి.

కాబట్టి మోరీ అర్జీలో 'మోరీ కట్టండి' అని మాత్రమే రాయకుండా, 'ఫలానా ఇంటి నుంచి ఫలానా మోరీ దాకా సుమారు ఇన్ని మీటర్లు మిగిలిపోయింది. లెవెల్స్ తీసి ఎస్టిమేట్ తయారు చేయించి, మంజూరుకు పెట్టండి. పాత పని ఎందుకు ఆగిందో తెలియజేయండి' అని రాయండి. మీటర్లు మీరే అడుగులతో కొలవండి, సుమారుగా ఉన్నా ఫరవాలేదు. తర్వాత వెంటపడేటప్పుడు ఒక్కో మెట్టు అడగాలి. ఎస్టిమేట్ అయిందా? మంజూరైందా? టెండర్ ఎప్పుడు? వర్క్ ఆర్డర్ ఇచ్చారా? ఇలా అడిగే మనిషిని ఏ ఏఈ అయినా రెండోసారి గుర్తుపడతాడు. ఇది నెలలు పట్టే పని అని మనసులో పెట్టుకోండి.

ఈ అర్జీ మాత్రం ఒక్కరే ఇవ్వొద్దు. మోరీ నీళ్లు ఎవరి ఇంటి ముందు నుంచి వస్తున్నాయో వాళ్లందరి సంతకాలు, ఇంటి నంబర్లతో సహా తీసుకోండి. పది పన్నెండు చాలు. ఊరంతా తిరిగి రెండొందల సంతకాలు చేయించక్కర్లేదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో వేర్వేరుగా నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. మీ వార్డులో మహిళల కమిటీ ఉందా, సభ్యులెవరని వార్డు ఆఫీసర్‌ను అడగండి. ఉంటే వాళ్ల సంతకాలు కూడా చేయించండి. వార్డు లీడర్‌కు ఒక కాపీ ఇవ్వండి. పని అయితే పేరు తీసుకోనివ్వండి, మనకు మోరీ కావాలి.

'పన్ను కట్టడం ఆపేస్తే దారికొస్తారు' అని మీ గల్లీలో ఎవరైనా అంటే వినకండి. ఆపితే నెలకు 2 శాతం చొప్పున అపరాధ రుసుము పడుతుంది, మీరు బాకీదారు అవుతారు. మీ పన్ను రసీదు మీ చేతిలో ఉన్న గట్టి కాగితం, ప్రతి అర్జీకి దాని జిరాక్స్ పెట్టండి. ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు, అదీ చూసుకోండి.

అర్జీ ఇచ్చి నెల దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోండి. మహబూబ్‌నగర్ వాళ్లకైతే అది ఇప్పుడు పాలకొండ దగ్గర కొత్త భవనంలో ఉంది. పొద్దున్నే చేరుకోండి, ఆధార్ జిరాక్స్, ముద్ర పడిన పాత అర్జీ కాపీ తీసుకుపోండి. చాలామంది నేరుగా ప్రజావాణికే పోతారు. అక్కడి నుంచి ఆ కాగితం మళ్లీ మీ కమిషనర్ దగ్గరికే వస్తుంది. పాత అర్జీ లేకపోతే 'ఇప్పుడే మా దృష్టికి వచ్చింది' అని ఆయన రాస్తారు, అంతటితో సరి. పాత ఇన్‌వార్డ్ నంబరు ఉంటే మాత్రం, నెల రోజులు ఏం చేశారో ఆయన కలెక్టర్‌కు చెప్పాలి. ఆ నంబరు కోసమే మొదట ఆఫీసుకు పొమ్మన్నాను. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరిగే ప్రజావాణికి ఈ పని మీద బస్సు చార్జీలు పెట్టుకుని పోవడం నాకు అనవసరం అనిపిస్తుంది.

దానికీ కదలకపోతే సమాచార హక్కు. 2005 నాటి ఈ చట్టం గురించి వినే ఉంటారు. భయపడాల్సింది ఏమీ లేదు. తెల్లకాగితం మీద రాసి, 10 రూపాయలు కట్టి, ఆఫీసులో పౌర సమాచార అధికారికి ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అధికారుల పేర్లు, హోదాలు ఆఫీసులో బోర్డు మీద ఉంటాయి.

ఇందులో అందరూ చేసే పొరపాటు 'ఎందుకు కట్టలేదు' అని అడగడం. ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారం. కాబట్టి కాగితాలు అడగండి. 'ఫలానా గల్లీ మోరీ పని ఎస్టిమేట్ నకలు, వర్క్ ఆర్డర్ నకలు, కొలతల పుస్తకంలో ఆ పనికి సంబంధించిన పేజీల నకలు, ఇప్పటివరకు చెల్లించిన బిల్లుల వివరం, ఫలానా ఇన్‌వార్డ్ నంబరు అర్జీ మీద తీసుకున్న చర్య రాసిన నోట్‌ఫైల్ నకలు.' ఈ ఐదూ చేతికొస్తే మోరీ ఎందుకు ఆగిందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. మోరీ మొత్తం కట్టినట్టు కొలతల పుస్తకంలో ఉండి, నేల మీద సగమే ఉంటే అది ఇంకో సంగతి, అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఆ చట్టంలోనే పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. సెక్షన్ 2(జె) అని రాస్తే చాలు.

'డబ్బులు లేవమ్మా' అనే జవాబు మీకు తప్పకుండా ఎదురవుతుంది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరుంది. అక్కడి ఒక వాడ జనం కూడా తెరిచిన మోరీలు, మురుగు, వాసన భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికి పోయారు. మోరీలు కట్టించమని ఆయన మున్సిపాలిటీకి ఆదేశం ఇచ్చారు. నిధులు లేవని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని, జనానికి కనీస పారిశుద్ధ్యం కల్పించే బాధ్యత నుంచి మున్సిపాలిటీ డబ్బు లేదని తప్పించుకోలేదని తీర్పు ఇచ్చింది. అప్పుడు వాళ్లు వాడుకున్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. మన దగ్గర దాని కింద ఆర్డీఓకు అర్జీ పెట్టుకోవచ్చు. మీరు రేపే అక్కడికి పోవాలని కాదు. ఆ దారి ఉందని తెలిస్తే, 'డబ్బులు లేవు' అన్నప్పుడు తల దించుకుని వెనక్కి రారు. వకీలు అవసరమైతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

మీ ఆయన 'వదిలెయ్' అన్నారని రాశారు. ఆయనది తప్పనను, ఏడాది మీరు తిరిగి తిరిగి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి అన్న మాట అది. నేను పనిచేసిన ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చేవాడు, రిటైర్డ్ బడిపంతులు. వాళ్ల వీధి చివర కల్వర్టు కోసం. ప్రతి నెలా మొదటి వారం ఒక బట్టసంచి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. గొంతు ఎప్పుడూ పెంచలేదు. ముగ్గురు ఏఈలు మారారు. ఒకసారి ఫైలే కనబడకుండా పోయింది. వేరే ఎవరి పని అయినా అక్కడితో మళ్లీ మొదటికి వచ్చేది. ఆయన సంచిలో నుంచి మొదటి అర్జీ నుంచి చివరి జవాబు దాకా ముద్రలు పడిన కాపీలన్నీ తీసి, తేదీల వరుసలో బల్ల మీద పెట్టాడు. వాటితోనే మా వాళ్లు ఫైలు మళ్లీ కట్టారు. ఆ ఎండాకాలంలో కల్వర్టు పడింది. పని మొదలైన రోజు కూడా ఆయన వచ్చాడు, వర్క్ ఆర్డర్ నకలు కోసం.

మీరు తిరిగిన ఏడాది వృథా అనుకోకండి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఏం మాట్లాడతారో మీకు ఇప్పటికే తెలుసు. ఈ వారం లైట్ల అర్జీ ఒక్కటి రాసి ఇవ్వండి. వెలిగిన రోజు మీ ఆయన్ను గల్లీలోకి పిలిచి చూపించండి. ఆ మర్నాడు మోరీ అర్జీకి సంతకాల కోసం ఆయన్నే తోడు రమ్మనండి. నీళ్ల సంగతి మాత్రం ఇవాళే ఫోన్ చేయాలి. ముద్ర పడిన కాపీ ఫోటో నాకు పంపండి. ప్రజావాణికి పోయినా జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు మీకు నేనే రాసి పంపుతాను.

– మీ అక్క